మూసే జవాబు

హైమ చేసే ఉద్యోగం ఏమిటో వాషర్‌మెన్‌పేటలో వాళ్ల వీధికి ఎనిమిదేళ్లయినా అంతుపట్టలేదు. "కంప్యూటర్లో ఆటలాడతాదంట, దానికి నెలనెలా జీతమంట" అని ఎదురింటి కాళియమ్మ కనబడ్డవాళ్లందరికీ చెప్పి నవ్వేది. హోల్‌సేల్ బట్టల కొట్లో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేసిన తండ్రి వరదయ్యకు ఆ ముక్క బయటికి చెప్పడానికి నోరొచ్చేది కాదు. ఎవరైనా అడిగితే "సాఫ్ట్‌వేర్" అని ఒక్క మాటతో తప్పించుకుని, వెంటనే ఎండల గురించి ఎత్తుకునేవాడు.

ఆడుకోవడం అనుకుంటే పొరపాటే. ఎక్కడో చల్లటి దేశంలో కూర్చుని కొందరు పెద్ద పెద్ద ఆటలు తయారుచేస్తారు. అందులో మనమే ఒక మనిషిగా మారి, ఒక రాజ్యంలో తిరుగుతాం. దారిలో కనబడ్డవాళ్లతో మాట్లాడతాం. ప్రతి మాటకూ నాలుగు జవాబులు చూపిస్తారు, మనకు నచ్చింది ఎంచుకోవచ్చు. కాపాడొచ్చు, మోసం చేయొచ్చు, పట్టించొచ్చు, ఊరుకోవచ్చు. మీ ఇష్టం, మీ స్వేచ్ఛ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. కొనుక్కున్నవాడు ఒక్క దారిలో పోయి సంతోషిస్తాడు. హైమ మాత్రం నాలుగు దారుల్లోనూ పోవాలి. ఏ దారిలో బొమ్మ ఆగిపోతోందో, ఏ మాట తప్పు పడిందో, చచ్చినవాడు ఎక్కడ మళ్లీ లేచి తిరుగుతున్నాడో కనిపెట్టి రాసి పంపాలి. పెరంబూరు స్టేషన్ వెనక ఒక పాత మేడలో రెండో అంతస్తు మొత్తం ఆ పనే. కిటికీలకు నల్ల కాగితం, లోపల అరవై మంది, పొద్దుటినుంచి సాయంత్రం దాకా పుణ్యం ఒకసారి, పాపం మూడుసార్లు.

లాక్‌డౌన్‌లో కొన్నాళ్లు ఆ పని ఇంట్లోనే చేసింది. తల్లి మంగ కూర తరుగుతూ వెనక కూర్చుని చూసేది.

"ఆ ముసలామెను ఎందుకే పట్టించినావు? నిన్ననే గదా నీకు అన్నం పెట్టింది?"

"అది పనిమా."

"పనైతే మాత్రం? నేనైతే చేయను."

"నువ్వు చేయకపోతే ఆడ తప్పుండాదో లేదో ఎట్ల తెలస్తాది?"

"ఏమోమ్మా. మంచీ చెడ్డా రెండూ చేసి చూసే పని నేనెక్కడా వినలేదు" అని మంగ కత్తిపీట తీసుకుని వంటింట్లోకి పోయేది. పోయి ఊరుకునేదా అంటే ఊరుకునేది కాదు. మర్నాడు వచ్చి, ఆ ముసలామె ఏమయింది, వదిలేసినారా అని అడిగేది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. అది బయటివాళ్లకు తెలియదు, కానీ ఈ కథంతా దాని మీదే నడిచింది కాబట్టి చెప్పాలి. నాలుగు జవాబుల్లో ఎప్పుడూ ఒకటి ఏ తలుపూ తెరవనిది ఉంటుంది. 'నాకు తెలియదు', 'గుర్తులేదు', 'నాకెందుకు', అలాంటిది. అది ఎంచుకుంటే సంభాషణ అక్కడికక్కడే ముగిసిపోతుంది. దాన్ని ఆ ఆఫీసులో మూసే జవాబు అంటారు. సంభాషణ మొదలయ్యే ముందు ఆటను అక్కడ భద్రం చేసుకుంటారు, దాన్నే సేవ్ అంటారు. తర్వాత ముందుగా మూసే జవాబు ఎంచుకుంటారు. రెండు నిమిషాల్లో అది అయిపోతుంది, పట్టికలో ఒక టిక్కు పడుతుంది. ఆ తర్వాత సేవ్ దగ్గరికి తిరిగొచ్చి, మిగతా మూడూ తీరిగ్గా, గంటలు గంటలు ఆడతారు. ఎనిమిదేళ్లలో హైమ ఇలా ఎన్ని వేలసార్లు చేసిందో లెక్కలేదు. పదిమంది కొత్తవాళ్ల టీముకు పెద్దయ్యాక వాళ్లందరికీ మొదటి రోజే నేర్పిన పాఠం ఇదే.

జెబకూ నేర్పింది. ఎన్నూరు నుంచి రోజూ లోకల్ బండెక్కి వచ్చే ఇరవై మూడేళ్ల పిల్ల. వాళ్లింట్లో నెల జీతం అనేది చూసిన మొదటి మనిషి. నాయన దేవసహాయం బొగ్గు యార్డులో లోడింగు చేసి చేసి, ఊపిరితిత్తులు చెడి ఇంట్లో కూర్చున్నాడు. జెబకు ఈ పద్ధతి నచ్చేది కాదు.

"అక్కా, ముందు మంచి జవాబు ఆడి చూద్దాం. ఆ పడవామెను కాపాడినాక మిగతావి."

"మంచిది యాడికీ పోదు. సేవ్ ఉండాది గదా? ముందు ఇది ముగించు."

"ఇట్ల మూసేస్తే పాపం ఆమె ఏమయిందో కూడా చూపించరు అక్కా. ఊరికే లేకుండా పోతాది."

నిజమే. ఆ ఆటలో సిపాయిలు వచ్చి పడవామె గురించి అడిగినప్పుడు 'గుర్తులేదు' అంటే, మర్నాడు రేవులో పడవ ఉంటుంది, పడవామె ఉండదు. ఎవరూ ఏమీ అనరు. ఆట అలాగే సాగిపోతుంది. ఇది తప్పేమోనని హైమ ఒకసారి రిపోర్టు కూడా రాసి పంపింది. 'అలాగే ఉండాలి, కావాలనే పెట్టాం' అని అవతలి నుంచి ఒక వాక్యం వచ్చింది. సరేనని మూసేసింది.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం జెబ కంప్యూటరు మొరాయించింది. మూడు వారాలుగా ఆడినదంతా పోయింది. సోమవారానికి ఆట చివరి ఘట్టం పరీక్షించి ఇవ్వాలి. జెబ ముఖం పాలిపోయింది. హైమ తన సొరుగులోంచి పాత పెన్‌డ్రైవ్ తీసింది. ఆ ఆఫీసులో పెన్‌డ్రైవ్ పెట్టడం నిషేధం, గోడ మీద బోర్డు కూడా ఉంది. అవసరానికి అందరూ పెట్టేవాళ్లు, అదీ అందరికీ తెలుసు.

"నా సేవ్ దీంట్లో ఎక్కించుకో. నీ కొత్త మెషీన్లో పెట్టుకో. జయరామన్ సారుకు నేను చెప్తా."

"ఏమన్నా అవతాదా అక్కా?"

"నేనుండాను గదా" అంది హైమ.

మేనేజరు జయరామన్ ఆ రోజు సెలవులో ఉన్నాడు. సోమవారం పని హడావుడిలో హైమ చెప్పడం మరచిపోయింది. ఆ ఒక్కటే ఆమె నిజంగా మరచిపోయింది.

రెండు వారాలకు ఆ ఆట చివరి ఘట్టం బొమ్మలు ఇంటర్నెట్‌లో ఎక్కడో తేలాయి. విడుదల కాని ఆట. ఎవరు పెట్టారో ఈనాటికీ తెలియదు. పెన్‌డ్రైవ్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు, దాంట్లో బొమ్మలే లేవు. కానీ ఆట తయారుచేసిన కంపెనీ ఎవరో ఒకరి పేరు కావాలని పట్టుబట్టింది. అన్ని మెషీన్లూ వెతికితే జెబ మెషీన్లో పెన్‌డ్రైవ్ పెట్టిన గుర్తు బయటపడింది. హైమ మెషీన్ అంతకు ముందు వారమే మార్చేశారు కాబట్టి అందులో ఏమీ లేదు. హైమక్క చెబితేనే పెట్టానని జెబ అంది. ఎవరి మీదా కోపంగా కాదు, దారి అడిగినవాళ్లకు చెప్పినంత మామూలుగా అంది.

మంగళవారం పదకొండు గంటలకు హైమను లోపలికి పిలిచారు. జయరామన్, హెచ్ఆర్ నుంచి శ్రుతి అనే ఆమె, గోడ మీది తెరలో ఆట కంపెనీ తరఫున ఒక తెల్లాయన. శ్రుతి కాగితం చూసి చదివింది. "పెన్‌డ్రైవ్ వాడమని జెబకు మీరు అనుమతి ఇచ్చారా?"

అవును, లేదు, గుర్తులేదు. మూడు జవాబులూ హైమ కళ్ల ముందు నిలబడ్డాయి. అవునంటే ఏం తెరుచుకుంటుందో ఆమెకు తెలుసు. ఎందుకిచ్చావు, ఇంకెవరికిచ్చావు, ఆ పెన్‌డ్రైవ్ ఏది, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు. లేదనడానికి మనసొప్పలేదు, అది పచ్చి అబద్ధం.

"నాకు గుర్తులేదు" అంది.

శ్రుతి రాసుకుంది. తెరలో ఆయన తలాడించాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

అలవాటు కొద్దీ వచ్చేసిందని హైమ తనకు తాను చెప్పుకుంది. నేను మాత్రం అంత సులభంగా వదలను. అలవాటు ఉంది, నిజమే. దాని కింద భయమూ ఉంది. ముప్ఫై ఆరేళ్ల వయసు, రిటైరైన తండ్రి, వేరే ఏ పనిలోనూ చెల్లని అనుభవం. కానీ ఆ క్షణాన ఆమె మనసులో మెదిలింది ఏమిటంటే, ముందు ఇది ముగిద్దాం, కొంచెం ఊపిరి తీసుకుని, మాటలు సర్దుకుని, సాయంత్రం మళ్లీ వచ్చి అసలు సంగతి చెబుదాం అని. బయటి మనిషెవరైనా అయితే భయపడి అబద్ధమాడి ఉండేవాళ్లు, లేదా నిజం చెప్పి ఏడ్చి ఉండేవాళ్లు. తిరిగి రావచ్చు అనుకునే ఖర్మ ఆ అరవై మందికే పట్టింది.

సాయంత్రం జయరామన్ మీటింగులో ఉన్నాడు. బుధవారం పొద్దున హైమ రెండుసార్లు ఆయన గది దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మధ్యాహ్నానికి జెబ కుర్చీ ఖాళీగా ఉంది. కార్డు తీసుకుని, గేటు దాకా సెక్యూరిటీని తోడిచ్చి పంపించేశారని పక్క సీటు కార్తీ చెప్పాడు. జెబ లంచ్ డబ్బా డెస్కు మీదే ఉండిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సాయంత్రానికి ఊడ్చే ఆమె తీసి ఎక్కడో పెట్టేసింది.

ఆ తర్వాతి వారం హైమ జయరామన్ ఎదుట కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. అంతా విని, లేచి తలుపు వేసి వచ్చాడు. తమిళంలో, నెమ్మదిగా మాట్లాడాడు.

"ఆ రోజు గుర్తులేదన్నావు. ఇప్పుడు గుర్తొచ్చిందంటే వాళ్లు ఏమంటారో తెలుసా? ఆ పిల్ల తిరిగి రాదు. నువ్వు కూడా పోతావు."

"ఆ అమ్మాయి పేరు లిస్టులో పెట్టారంట కదా సార్?"

"పెట్టారు. ఈ ఊళ్లో టెస్టింగు చేసే ఏ ఆఫీసూ తీసుకోదు. నువ్వు రాసిస్తే ఆ లిస్టులోంచి తీస్తారేమో. ఖాయంగా చెప్పలేను." కాఫీ కప్పు పక్కకు జరిపాడు. "రాసి పంపితే నేను పైకి పంపక తప్పదు. పంపకపోతే, మనం ఇక్కడ కూర్చుని కాఫీ తాగాం, అంతే."

శనివారం హైమ జయరామన్‌కు ఫోనులో ఉత్తరం రాసింది. తేదీ, సమయం, పెన్‌డ్రైవ్ రంగు, తను అన్న మాటలు, ఏదీ దాచలేదు. పద్దెనిమిది వాక్యాలు. నాలుగుసార్లు చదివింది. పంపలేదు. జెబకు ఒకసారి చూపించి పంపడం న్యాయం అనుకుంది. అలా అనుకోగానే గుండె తేలికపడింది, ఆ రోజు అన్నం కూడా సయించింది. ఎందుకు తేలికపడిందో ఆలోచించి ఉంటే బాగుండేది.

ఆదివారం వాషర్‌మెన్‌పేట స్టేషన్లో ఎన్నూరు బండెక్కింది. తిరువొత్తియూరు దాటాక పెట్టె సగం ఖాళీ అయింది. దిగి, సముద్రం వైపు లారీలు వరసకట్టి నిలబడ్డ రోడ్డు పక్కన నడిచింది. మొహానికి చున్నీ కట్టుకున్నా పళ్ల మధ్య ఇసక లాంటి దుమ్ము. వీధిలో రెండుసార్లు అడిగితే ఇల్లు చూపించారు. రేకుల పంచ, కిటికీ అంచున బూడిద పొర. అందులో ఎవరో వేలితో గీసి వదిలేసిన గీత.

చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, జెబ మంచి చీరలో ఉంది. హైమను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి హైమ గుమ్మం అవతలే ఆగిపోయింది.

"రా అక్కా, ఇంత ఎండలో వచ్చినావే! నాయినా, ఈయక్కే హైమక్క. చేపల కూర ఉండాది, నువ్వు తినవు గదా. ఉండు, మజ్జిగ తెస్తా."

దేవసహాయం మంచం మీది నుంచి లేవబోయి, దగ్గు వచ్చి మళ్లీ కూర్చున్నాడు. "కూసోమ్మా, కూసో. ఆ దినం నీకు గుర్తులేకుండా పోయిందంట గదా. జెబ చెప్పింది. ఏం చేస్తావు, అంతమందికి పని చెప్పాల, ఎన్నని పెట్టుకుంటాది మనిషి? మేము నిన్నేమీ అనుకోలేదు తల్లీ."

జెబ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. "పాస్టరయ్య గూడా అడిగినాడు అక్కా, ఆయమ్మ ఎందుకు చెప్పలేదని. మర్చిపోయిందయ్యా, గుర్తుంటే చెప్పి ఉండేది అంటిని. ఇప్పుడు ఈడనే లారీలు తూచే చోట చీటీలు రాస్తా ఉండా. పర్వాలేదు. దుమ్మే కొంచెం ఎక్కువ."

ఏమీ చెప్పకుండా మజ్జిగ తాగి వచ్చేయొచ్చు. అడిగేవాళ్లు ఎవరూ లేరు. వీళ్లే తలుపు వేసి, గొళ్లెం పెట్టి, హైమను లోపల భద్రంగా కూర్చోబెట్టారు. ఈ ఒక్కచోట ఆమెను మెచ్చుకోవాలి. గ్లాసు కింద పెట్టింది.

"జెబా, నాకు గుర్తుండింది."

"ఎప్పుడు గుర్తొచ్చిందక్కా?" అని జెబ ఆత్రంగా అడిగింది.

"రావడం కాదు. అడిగినప్పుడే గుర్తుండింది. గుర్తుండే లేదన్నా."

దేవసహాయం కూతురి వంక చూశాడు.  జెబకు కోపం వస్తుందేమోనని హైమ ఎదురుచూసింది. వచ్చుంటే బాగుండేది.

"నేను లేచినా పడుకున్నా అదే అనుకుంటా ఉన్నా" అంది జెబ. "అక్క మర్చిపోయింది. ఆయక్క తప్పు లేదు, నా టైం బాగలేదు, అంతే. దాంతోనే ఈ పన్నెండు దినాలూ అన్నం తిన్నా."

హైమకు కళ్లు మసకబారాయి. ఏడిస్తే ఆ పిల్ల ఓదార్చవలసి వస్తుందని పళ్లు బిగబట్టింది. ఫోను తీసి చాపింది. "అంతా రాసినా జెబా. లిస్టులోంచి నీ పేరు తీసేస్తారని. నా ఉద్యోగం పోయినా సరే. చదువు."

జెబ కొంగుకు చేయి తుడుచుకుని ఫోను అందుకుంది. ఆఫీసులో చదివినట్టే, వేలు పెట్టి వాక్యం తర్వాత వాక్యం చదివింది. ఎక్కడా తప్పు పట్టలేదు. చివరికొచ్చి ఆగింది.

"ఇది ఇంకా పోలేదు గదా?"

"లేదు. నీకొకసారి చూపించి పంపుదామని..."

"నాకెందుకు చూపించేది?"

హైమ ఫోను కోసం చేయి చాపింది. జెబ ఇవ్వలేదు.

"నేను వద్దంటానని వచ్చినావా?" అంది జెబ.

గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. హైమకు ఆ మాట విన్నాకగానీ తన సంగతి తనకు తెలియలేదు. బండిలో వస్తున్నంతసేపూ చెవిలో ఒకటే మాట వినబడుతూ వచ్చింది. వద్దక్కా, నాకెట్లా పోయింది, నీ ఉద్యోగం ఎందుకు పోగొట్టుకుంటావు అని. జెబ గొంతుతోనే. జెబ అలాంటి పిల్ల, తప్పకుండా అంటుంది. అనిపించుకుని, ఆ ఉత్తరం అలాగే ఫోనులో ఉంచుకుని, సోమవారం పొద్దున ఎప్పటిలాగే నల్ల కాగితం కిటికీ పక్కన కూర్చోవచ్చు. అందుకే వచ్చింది. అందుకే నిన్న అన్నం సయించింది.

జెబ ఫోను మంచం మీద పెట్టి, ఖాళీ కాని మజ్జిగ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

హైమ ఫోను అందుకుంది. ఈసారి మళ్లీ చదవలేదు. పంపే గుర్తు మీద వేలు నొక్కింది. సిగ్నల్ సరిగా లేక కాసేపు తిరిగింది. బయట ఒక లారీ హారన్ కొడుతూ వెళ్లింది. ఉత్తరం వెళ్లిపోయింది.

"పంపినా" అంది హైమ, గుమ్మం వైపు చూస్తూ.

లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగలేదు. దేవసహాయం మంచం పట్టె మీద చేత్తో రాస్తూ కూర్చున్నాడు. "ఎండ తగ్గినాక పోదువులేమ్మా" అన్నాడు చివరికి.

"నాయినా" అంది జెబ లోపలి నుంచి. "ఆమెకు బండికి టైమవతా ఉంటాది. పొమ్మను."